క్షేత్రయ్య పదములలో ప్రేమస్వరూపము

ప్రేమ యన నేమి? ఈ ప్రశ్నకు మన ఆలంకారికులు ఏనాడో సమాధానము చెప్పియున్నారు. రతి స్థాయిభావమనిరి, శృంగారము రసమనిరి, అది సంభోగము, విప్రలంభము అని ద్వివిధమనిరి. అవస్థాభేదమున నాయికలను ఎనిమిది విధములుగా విభజించి, స్వాధీనపతిక మొదలు అభిసారిక వరకు పేర్లు పెట్టిరి. లక్షణము కుదిరినది, పట్టిక పూర్తియైనది. అయినను ఆ పట్టికను కంఠస్థము చేసినవానికి ప్రేమ తెలిసెనని ఎవరు చెప్పగలరు? వంటకముల పేర్లు చదివిన నోరూరును గాని కడుపు నిండదు గదా!

పదకవియైన క్షేత్రయ్య ప్రేమను నిర్వచింపలేదు. ఆయన చేసినది ఒక్కటే: ప్రేమించిన మనిషి చేత మాటలాడించెను. ఆ మాటలను ఒకటికి నాలుగుమారులు వినగా, నిర్వచనము జోలికి పోని ఆ కవికి ప్రేమను గూర్చి నిశ్చితమైన అభిప్రాయము కలదని మాకు తోచినది. అది యేమో విచారించుటయే ఈ వ్యాసోద్దేశము. మేము పండితులము గాము. మెట్రిక్యులేషను వరకు చదివి, ముప్పదియేండ్లకు పైగా ఒక ఆఫీసులో చిత్తుప్రతులు, శుద్ధప్రతులు వ్రాసి విరమించుకొన్న గుమాస్తాలము. కాగితములో వ్రాసిన దేమి, వ్రాయక విడిచిన దేమి, అది ఎవరి పేర వ్రాయబడినది అని చూచుట మాత్రము మాకు అలవాటు. ఆ అలవాటుతోడనే పదములను కూడ చదివితిమి.

క్షేత్రయ్య 17వ శతాబ్దివాడు. కృష్ణా జిల్లాలోని మొవ్వ ఆయన ఊరు. ఆ యూరి వేణుగోపాలస్వామియే పదములలోని మువ్వగోపాలుడు. అసలు పేరు వరదయ్య యనియు, పుణ్యక్షేత్రములు తిరుగుటచే క్షేత్రయ్య యయ్యెననియు పెద్దలు చెప్పుదురు. జన్మము కృష్ణాతీరమున నైనను, ఆయన పదములకు ఎక్కువ నీడ దొరకినది కావేరీ, వైగై తీరములలోనే. మధురను 1623 నుండి 1659 వరకు ఏలిన తిరుమల నాయకుడును, తంజావూరును 1634 నుండి 1673 వరకు ఏలిన విజయరాఘవ నాయకుడును, గోలకొండ పాదుషాయును ఆయనను ఆదరించిరి. ఒక పదములో తానే లెక్క చెప్పుకొనెను: మధురలో 2,000, గోలకొండలో 1,500, తంజావూరిలో 1,000, వెరసి 4,500 పదములు. నేడు మనకు దక్కినవి కొన్ని వందలు మాత్రమే. తంజావూరు నాయకరాజ్యము 1673లో అంతరించినను, తరువాత వచ్చిన మరాఠా ప్రభువులు కూడ తెలుగును ఆదరించుటచే పదములు ఆ నేలను విడువలేదు. కావున తరతరములుగా ఆంధ్రదేశమునకు వెలుపల స్థిరపడిన మన కుటుంబములకు క్షేత్రయ్య దూరదేశపు కవి గాడు. మనవలెనే ఒకచోట పుట్టి వేరొకచోట వేళ్లూనినవాడు.

క్షేత్రయ్యను చదువుటకు రెండు మార్గములు వాడుకలో నున్నవి. మొదటిది సిగ్గుపడు మార్గము. ఈ పదములు వేశ్యల నోట, దేవదాసీల నోట పలికినవి. కొన్నింట శయ్యాగృహపు మాటలు దాపరికము లేక వచ్చును. కావున సంసారుల యిండ్ల యందు పాడదగినవి కావని ఒక తరమువారు తలంచిరి. దేవాలయములకు బాలికలను సమర్పించు దురాచారమును నిషేధించుచు 1947లో మద్రాసు రాష్ట్రమున చట్టము వచ్చెను. ఆ యాచారము పోవుట సర్వవిధముల మంచిదే. కాని ఆచారము మీది యసహ్యము పాట మీదికి కూడ ప్రాకినది. బావి పూడ్చవలసి వచ్చినప్పుడు నీటిని కూడ నిందించిన ట్లయినది.

రెండవది తత్త్వమార్గము. నాయిక జీవాత్మ, గోపాలుడు పరమాత్మ, చెలికత్తె గురువు అని చెప్పి, ప్రతి పదమును వేదాంతముగా మార్చుట. ఇది భక్తితో చేసిన పని యగుటచే దీనిని తేలికగా త్రోసివేయరాదు. మువ్వగోపాలుడు దేవుడే, ఆ ముద్రయే క్షేత్రయ్య పదములకు గురుతు. అయినను ఈ మార్గమున ఒక చిక్కు కలదు. నాయిక కన్నీటితో ఒక మాట యనగానే, 'ఇది జీవుని ఆర్తి' యని మనము వెంటనే అర్థము చెప్పివేసినచో, ఆమె యన్న మాట ఆమెది కాకుండ పోవును. ఎదుట నిలిచి మాటలాడుచున్న మనిషిని విడిచి ఆమె వెనుకనున్న గోడవైపు చూచుట వంటిది. పరమార్థము ఉండుగాక, ముందు ఆ స్త్రీ చెప్పుచున్నది పూర్తిగా వినవలెను గదా! సిగ్గుపడువారు చెవులు మూసికొనిరి. తత్త్వజ్ఞులు వినక మునుపే అర్థము చెప్పిరి. ఈ రెండు మార్గములందును లోపము ఒక్కటే: మాటను విననీయవు.

పదము యొక్క కట్టుబాటు చూతము. పల్లవి, అనుపల్లవి, చరణములు, నడక చౌకకాలము. ఒక్కొక్క మాట మీద నిలిచి, ఆ మాటకు గల ఛాయలన్నియు రాగములో చూపి, తరువాతి మాటకు పోవుట దీని పద్ధతి. కొన్ని పదములను పల్లవితో గాక అనుపల్లవితో ఎత్తుకొను సంప్రదాయము కలదు. దీని వలన వినువానికి కథ నడుమ నుండి మొదలైనట్లుండును. అవతల ఏదో జరిగిపోయినది. ఎవరో ఎవరితోనో చెప్పుకొనుచున్నారు. మనము గడపలో అడుగు పెట్టునప్పటికి సగము సంభాషణ అయిపోయినది. క్షేత్రయ్య పదములలో ప్రేమ ఎప్పుడును ఇట్లే కనబడును. మొదటి చూపు, మొదటి కలయిక ఆయనకు ముఖ్యములు కావు. అటు తరువాత ఏమైనదన్నదే ముఖ్యము.

నాదనామక్రియ రాగములో ఒక ప్రసిద్ధ పదము కలదు. ఒకప్పుడు తన యెదపై తలయుంచి పవళించిన ప్రియుడు ఇప్పుడు దూరమయ్యెనని ఒక స్త్రీ చెలితో చెప్పుకొనును. అందులో 'వెగటు' అను మాట వచ్చును. మా మనుమరాలు నాట్యము నేర్చుకొనుచు ఈ మాట దగ్గర ఆగి, దాని కర్థమేమని ఇంటిలో అడిగినది. 'ద్వేషము' అని మేము చెప్పబోవుచుండగా మా యింటియామె వారించి, “బూరెలు తెగ తిన్న తరువాత ఇంకొక బూరె చూచిన నోరు త్రిప్పుకొందువే, అదే వెగటు. బూరె తప్పేమియు లేదు” అనెను. ఏ నిఘంటువును ఇంతకంటె బాగుగ చెప్పలేదు. ఆ యర్థము తెలిసిన తరువాత పదమునకు వేరొక లోతు వచ్చినది. ఆ ప్రియుడు శత్రువు కాలేదు, మోసగాడు కూడ కాలేదు. ఆమె యందు దోషము లేదు. నిన్నటి తీపియే నేడు చేదైనది. ద్వేషమునకు కారణమడిగి వాదింపవచ్చును. వెగటుతో వాదింప నెవరి తరము? ప్రేమకు పరమశత్రువు కోపము కాదు, తనివి తీరిపోవుట యని క్షేత్రయ్య ఎరుగును. ఎనిమిది నాయికల పట్టికలో ఈ దుఃఖమునకు ప్రత్యేకముగ పేరు లేదు. లక్షణగ్రంథము ఆగినచోట కవి మొదలైనాడు.

అయితే క్షేత్రయ్య స్త్రీలు కేవలము ఏడ్చువారని తలంపరాదు. సురటి రాగములో మరియొక పదము కలదు. ఎన్నడో మరచిపోయిన ఇంటి గుమ్మమునకు ప్రియుడు వచ్చి నిలిచినప్పుడు ఆమె తిట్టదు, తలుపు వేయదు. దారి తప్పి వచ్చితివి కాబోలు, నీవు వెదకుచున్న యిల్లు ఇది కాదు అను ధోరణిలో పలుకును. ఎంత మర్యాద, ఎంత ఎత్తిపొడుపు! హుసేని రాగములోని మరియొక నాయిక, అతడు అలిగిన అలుగనిమ్ము, అదియును మా భాగ్యమే యని తల యెత్తుకొనును. కాంభోజిలోని వేరొక నాయిక, రాయబారము తెచ్చిన చెలితో వృథాగా మాటలాడవద్దనియు, ఆ కాలము వేరు, ఈ జన్మ వేరు అనియు చెప్పి పంపివేయును. ఈ మువ్వురు పలుకునవి మూడు విధములైనను మూలము ఒక్కటే. ప్రేమించుట యనగా తన్ను తాను పోగొట్టుకొనుట కాదని వారి నమ్మకము. ఇచ్చిన మనసుకు మర్యాద కావలెను. ఆ మర్యాద దక్కనిచోట, మనసు ఇంకను అతని మీద నున్నను, మాట మాత్రము తన వశములో నుంచుకొందురు.

ఇచట ఆధునికులతో ఒక పోలిక చెప్పుట అనుచితము గాదు. రాయప్రోలు సుబ్బారావుగారు (1892–1984) అమలిన శృంగారమను భావమును తెలుగు కవిత్వమునకు తెచ్చిరి. ఆయన 'తృణకంకణము'లో ప్రేమించుకొన్నవారు దాంపత్యమునకు నోచుకొనక, ఆ ప్రేమను స్నేహముగా మార్చుకొని, గడ్డిపోచ కంకణమును దానికి గురుతు చేసికొందురు. త్యాగముచే శుద్ధియైన ప్రేమ యది. ఉదాత్తమైన భావన, భావకవులకు అది దారి చూపినది. కాని అందు ప్రేమ ఎంత శుద్ధియైన అంత మౌనమగును, అంత ఆకాశమునకు దగ్గరగును. క్షేత్రయ్య ప్రేమ నేలను విడువదు. దానికి వీథి కలదు, వాకిలి కలదు, గడచిన నెలల లెక్క కలదు, ఇరుగుపొరుగుల నోరు కలదు. శహాన రాగములోని ఒక పదములో, వీథివెంట నడచిపోవు ఒక స్త్రీ హొయలును తక్కిన యాడువారు ఒకరికొకరు చూపుకొనుచు మాటలాడుకొందురు. అందు ప్రేమించినది ఆమె, మాటలాడునది ఊరు. ప్రేమ ఇద్దరి రహస్యమని ఆధునికులు తలంచిరి. ఊరు లేక ప్రేమ లేదని క్షేత్రయ్య తలంచెను.

ఇప్పుడు మా ముఖ్యవిషయమునకు వత్తుము. ఆఫీసు కాగితములలో మొట్టమొదట చూడవలసినది, అది ఎవరి పేర వ్రాయబడినదన్నది. క్షేత్రయ్య పదములను ఈ దృష్టితో చూచిన ఒక విశేషము కనబడును. విరహము గోపాలుని గూర్చియే. కాని ఎక్కువ పదములు గోపాలునితో చెప్పినవి కావు, చెలికత్తెతో చెప్పినవి. నేరుగా ప్రియునితో పలికిన పదములును కలవు. చెలియే పలికినవి, గోపాలుడు తానే పలికినవి కూడ కలవు. కాని పదము యొక్క సహజస్థానము చెలికత్తె చెవియే యని చెప్పవచ్చును. లక్షణగ్రంథములలో ఈ చెలికత్తె వట్టి దూతిక. కబురు తెచ్చునది, తీసికొనిపోవునది. క్షేత్రయ్య చేతిలో ఆమె అంతకంటె చాల పెద్దదైనది. ఆమె ఒక్కమాటయు పలుకదు. అయినను ఆమె లేక పదము లేదు. నాయిక నడుమ నడుమ 'వినవే', 'ఏమే', 'అమ్మా' యని పిలుచుచుండుటను బట్టి, ఆమె తల యూచినది, అనుమానించినది, నవ్వినది, కన్నీరు తుడిచినది అని మనకు తెలియును.

దీనిని బట్టి క్షేత్రయ్య అభిప్రాయము ఇట్లు చెప్పవచ్చును. ప్రేమకు ఇద్దరు చాలరు. మూడవ మనిషి కావలెను. ఆ మూడవ మనిషి సవతి కాదు, వినునట్టి మనిషి. ప్రియుడు లేకున్న దుఃఖముతో నైనను బ్రతుకు గడచును. వినువారు లేకున్న ఆ దుఃఖమునకు రూపమే ఏర్పడదు. తనకు జరిగిన దేమో నాయికకు కూడ, చెలితో చెప్పుకొనుచుండగా మాత్రమే తెలిసివచ్చుచున్నది. ఆదిలో కోపముతో మొదలిడిన పదము చివరి చరణమునకు జాలిగా మారుటయు, జాలితో మొదలిడినది ఎత్తిపొడుపుగా ముగియుటయు ఈ కారణము చేతనే. వినువారి ముఖము చూచి మాట తన దారి మార్చుకొనును.

క్షేత్రయ్య యందు లోపములు లేవా? కలవు. పోటీలకును ప్రభువుల మెప్పునకును వేలకొలది పదములు కట్టిన కవికి ఒకే పోలిక పదిమారులు రాక తప్పదు. కొన్ని పదములలో వర్ణన ముందు, మనిషి వెనుక అయినది. మరి స్త్రీహృదయమును పురుషుడు పలికించుట ఎంతవరకు న్యాయమని నేటి యువతులు అడుగుచున్నారు; అడుగదగిన ప్రశ్నయే. దానికి మా సమాధానమిది: కట్టినవాడు పురుషుడే, కాని మూడువందల యేండ్లకు పైగా ఈ పదములను పాడి, ఆడి, ఏ మాట మీద ఎంతసేపు నిలువవలెనో నిర్ణయించినది స్త్రీలే. తమ బ్రతుకుతో సరిపోలని మాటను వారు అన్నాళ్లు మోసియుండరు. పదము నేడు మనకు వినబడు రూపములో సగము వారి కవిత్వము.

ఆ స్త్రీల ఋణమును ఇచట స్మరింపవలెను. 1938లో పరమపదించిన వీణ ధనమ్మాళ్ గారి యింట క్షేత్రయ్య పదములు కులధనముగ నిలిచినవి. ఆమె మనుమరాండ్రైన బృంద (1912–1996), ముక్త (1914–2007) గారలు వానిని గానమున నిలిపిరి. మరియొక మనుమరాలైన బాలసరస్వతిగారు (1918–1984) తల్లి జయమ్మాళ్ గారు పాడుచుండగా అభినయించిరి. శృంగారపదములను నాట్యవేదిక నుండి తగ్గింపవలెనని పెద్ద వాదము చెలరేగిన దినములలో, శృంగారమే అభినయమునకు ప్రాణమని బాలసరస్వతిగారు పట్టు విడువలేదు. 1975లో మద్రాసులో తమిళ ఇసై సంఘపు సభలో అధ్యక్షోపన్యాసము చేయుచు, నాట్యప్రదర్శనక్రమమును దేవాలయముతో పోల్చి, అలరింపును గోపురముగా, పదమును గర్భాలయముగా చెప్పిరి. మేళతాళములు సద్దుమణిగి, దేవునికి దగ్గరగా నిలిచిన క్షణమది యని వారి భావము. సిగ్గుపడువారికిని, తత్త్వము చెప్పువారికిని ఇంతకంటె చక్కని సమాధానము లేదు. దేవుడున్నాడు, కాని మాట ద్వారముననే ఆయన యొద్దకు పోవలెను.

ఇంతవరకు సంతోషము. ఇక విచారము చెప్పవలసియున్నది. తమిళనాట తెలుగు పదము పాడువారు నేటికిని కలరు, ఆడువారు కలరు, ఆంగ్లమున అనువదించినవారు కలరు. 1994లో ఏ.కె. రామానుజన్, వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ గారలు పదములను ఆంగ్లీకరించి ప్రకటించుటతో క్షేత్రయ్య ఖండాంతరములకు చేరెను. కాని సభలో కూర్చున్నవారిలో మాట మాటగా వినువా రెందరు? పదమునకు ముందు సంగ్రహము ఆంగ్లమున చదువుదురు. పిదప కన్ను హస్తముల మీద, చెవి రాగము మీద నుండును. మాట యొంటరిదగును. నాయిక ఉన్నది, గోపాలుడున్నాడు. చెలికత్తె మాత్రము సభ నుండి లేచిపోవుచున్నది.

ఇందు మన భాగము కూడ కలదు. మన పిల్లలే పదములను తమిళ లిపిలో వ్రాసికొని నేర్చుకొనుచున్నారు. తమిళ లిపి తమిళమునకు సర్వసమర్థమైనది; కాని అందు క, గ లకు ఒకటే అక్షరము; ప, బ లకు ఒకటే. 'బాల' యని వ్రాసికొన్నది 'పాల' యగును. 'గాలి' యన్నది 'కాలి' యగును. పిల్ల ముగ్ధబాలను అభినయించుచు నోట పాలను పలుకును! ఇది నవ్వుటకు చెప్పినది కాదు. అక్షరము మారినచోట అర్థము మారును. అర్థము మారినచోట అభినయము వట్టి కసరత్తగును.

అక్షరముకంటె సున్నితమైనది పిలుపు. తెలుగున 'ఏమే', 'ఏమిరా', 'ఏమయ్యా', 'ఏమండీ' అను నాలుగింటికి నడుమ ఒక జీవితకాలపు దూరము కలదు. క్షేత్రయ్య నాయిక ఒకచోట 'రా' యని చనువుగ పిలుచును. మరియొకచోట అతనినే 'అయ్య' యని, 'సామి' యని దూరము పెట్టును. ఆ ఒక్క ప్రత్యయములో అలుక, చనువు, అవమానము, క్షమ అన్నియు ఉన్నవి. ఆంగ్లమున ఇవి యన్నియు ఒకే మాటలో కలిసిపోవును. అనువాదకులు ఎంత సమర్థులైనను ఇచట చేయగలిగినది కొంచెమే. ఈ తేడా గ్రంథములు చదివి నేర్చుకొనునది కాదు, ఇంటిలో పిలిపించుకొని నేర్చుకొనునది. మన యిండ్ల తెలుగున తమిళము కలిసినదని, కన్నడము, ఒడియా, మరాఠీ కలిసినవని బంధువులు పరిహాసమాడుదురు. కలిసినమాట నిజమే. కాని 'వెగటు', 'నేస్తము', 'పయ్యెద' అను మాటలు మన ముసలివారి నోట ఇంకను బ్రతికియున్నవి. అమ్మమ్మ మనుమరాలిని 'ఏమే' యని పిలుచుచున్నంత కాలము క్షేత్రయ్యకు వినువారు కలరు.

కావున మన సంఘములవారికి మా విన్నపము చిన్నది. ఏటేట జరుపుకొను ఉత్సవములలో పదము పాడించునప్పుడు, ఆడించునప్పుడు, ఆంగ్లసంగ్రహముతో పాటు, ఇంటి తెలుగున నాలుగు మాటలు చెప్పుటకు ఒక పెద్దామెను వేదిక మీదికి పిలువుడు. ఆమె పండితురాలు కానక్కరలేదు. బూరె సంగతి తెలిసిన చాలును. పిల్లల పుస్తకములో పదమును తెలుగు అక్షరములలో వ్రాయించి, ఏ మాట ఎవరితో ననుచున్నదో వారిచేతనే చెప్పింపుడు. దీనికి ధనము అక్కరలేదు. సాయంకాలము ఒక గడియ తీరిక చాలును.

క్షేత్రయ్య 4,500 పదములలో మనకు మిగిలినవి కొన్ని వందలే యంటిమి. పోయినవి తిరిగి రావు. ఉన్నవానిలోని నాయిక నేటికిని గడపలో నిలిచి, 'వినవే' యని పిలుచుచున్నది. ఆమె పిలుచుచున్నది పండితులను కాదు, ప్రభువులను కాదు; తన మాట తెలిసిన చెలిని. ఈ పరభాషాప్రాంతములలో ఆ మాట తెలిసినవారము మనమే యగుటచే, పలుకవలసిన బాధ్యతయు మనదే.